ఆట లేని చాకు

విశాఖపట్నం పాత పోస్టాఫీసు వీధిలో గురునాథరావు కొట్టు తెలియని కళాసీ హార్బరులో ఉండేవాడు కాదు. కొట్టు ఇరుకే. ముందు అద్దాల బీరువా, వెనక ఓ బల్ల, బల్ల వెనక ఆయన. ఓడలు దిగిన నావికులు అమ్ముకుపోయే సెంటు సీసాలూ, సిగరెట్ లైటర్లూ, గడియారం గొలుసులూ ఆ బీరువాలో ఉండేవి. కొట్టుకి పేరు తెచ్చింది మాత్రం మడత చాకులు. గురునాథరావు గారి దగ్గర ఫారిన్ చాకు కొన్నానని చెప్పుకోవడం డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది ప్రాంతాల్లో ఫిషింగ్ హార్బరులో ఓ గొప్ప.

ఆ చాకుల్లో ఫారిన్‌ది ఒక్కటీ లేదు. ఆ సంగతి గురునాథరావుకి తెలుసు. అలుగు మీద, అంటే కోసే రేకు మీద, ఆసిడ్‌తో ఇంగ్లీషు అక్షరాలు దింపే కురుపాం మార్కెట్ పనివాడికి తెలుసు. ఆయన భార్య గౌరీశ్వరికి తెలియదు. ఆ చాకులు చేసిన అప్పలసూరికీ తెలియదు.

మొదట్లో నిజంగానే ఫారిన్ చాకులు వచ్చేవి. తర్వాత గేటు దగ్గర తనిఖీలు పెరిగి నావికులు తేవడం మానేశారు. ఆ రోజుల్లో లాకు విరిగిన జర్మనీ చాకు ఒకటి కొట్లో పడి ఉంటే, గాజువాకలో అప్పలసూరి అనే కమ్మరి ఉన్నాడు, అతనికి చూపించమని ఎవరో చెప్పారు. అప్పలసూరి ఊరు ఉక్కు ఫ్యాక్టరీకి తీసుకున్న భూముల్లో పోయింది. గాజువాక పక్క కాలనీలో ఇంటి ముందు రేకుల పాక వేసుకుని కొలిమి పెట్టుకున్నాడు. కొడవళ్లూ బొరిగెలూ అడిగే రైతులు చెదిరిపోయారు గనక లారీ షెడ్ల వాళ్లకి కొక్కేలూ మేకులూ చేసి బతుకుతున్నాడు. జర్మనీ చాకు విప్పి చూసి, విరిగిన పట్టీ మార్చి ఇచ్చాడు. ఇంకో నెలకి అలాంటిదే స్వయంగా ఒకటి చేసి పట్టుకొచ్చాడు.

ఉక్కు దగ్గర ఇద్దరికీ వాదన జరిగింది. గురునాథరావు ఓడ వంటగదిలోంచి వచ్చిన స్టెయిన్‌లెస్ రేకు ఇచ్చి, తుప్పు పట్టదు, మెరుస్తుంది, దీంతో చెయ్యమన్నాడు. అప్పలసూరి ఆకురాయితో దాన్ని ఒకసారి గీసి పక్కన పెట్టేశాడు. ఈ రేకు మెత్తన, మెరుపుకే గాని కోతకి కాదన్నాడు. నాలుగు నైలాన్ తాళ్లు కోస్తే మొండిబారిపోతుందని, లాకు పన్ను కూడా అరిగిపోతుందని చెప్పాడు. అతనికి లారీ కమాను పట్టీయే ఉక్కు. ఉప్పు గాలికి తుప్పు పడుతుంది, నిజమే. తుడిచి కాస్త నూనె రాసుకునేవాడికి మాత్రం ఏళ్ల తరబడి పని చేస్తుంది. అలుగుని ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ సన్న సెగ మీద ఎండుగడ్డి రంగు వచ్చేదాకా కాచేవాడు. పిడి వెనక బిగించే వీపు పట్టీని ఇంకాస్త కాచి, పావురం మెడలా నీలం తిరిగాక తీసేవాడు. అది వంగి మళ్లీ లేవాలి గదా.

ఆ వీపు పట్టీ చివరే లాకు ఉంటుంది. అలుగు పూర్తిగా తెరుచుకోగానే పట్టీ పన్ను అలుగు మొదట్లో ఉన్న గాడిలో టక్కున పడాలి. పడ్డాక అలుగుని బొటనవేలితో ఎటు నొక్కినా కదలకూడదు. వెంట్రుకవాసి కదిలినా దాన్ని ఆట అంటారు. ఈ రోజు వెంట్రుకవాసి ఉన్న ఆట వచ్చే నెలకి బియ్యపుగింజంత అవుతుంది, ఏదో ఒకరోజు తాడు కోస్తూ ఉండగా చాకు మడుచుకుపోయి వేళ్ల మీద పడుతుంది.

అప్పలసూరి చేసిన మొదటి చాకుని గురునాథరావు ఉన్నదున్నట్టే అమ్మబోయాడు. గాజువాక కమ్మరి చేశాడంటే ఎవరూ చేతిలోకి కూడా తీసుకోలేదు. విసుగెత్తి దాన్ని అద్దంలా రుద్దించి, పిడికి కొమ్ము రంగు బద్దలు వేయించి, అలుగు మీద అక్షరాలు దింపించాడు. ఆ సాయంత్రమే అమ్ముడైపోయింది. కొన్నవాడు దాన్ని ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

ఆయన అక్కడితో ఆగి ఉంటే అదొక వ్యాపారపు అబద్ధంగా పోయేది. అప్పలసూరి కొత్త చాకు తెచ్చినప్పుడల్లా గురునాథరావు దాన్ని తెరిచి, బొటనవేలితో నొక్కి, మొహం చిట్లించేవాడు. లాకు బాగానే పడుతోంది గాని ఆట ఉంది సూరీ, ఫారిన్‌వాటిలో ఇది ఉండదు అనేవాడు. ధర తగ్గించడానికి అంతకన్న సులువైన మాట దొరకలేదాయనకి. అప్పలసూరి చాకు తీసుకుని చెవి దగ్గర పెట్టి కదిపేవాడు, వెలుతురుకి ఎత్తి చూసేవాడు, ఏమీ కనపడక తల గోక్కునేవాడు. మొదట్లో లేదని వాదించాడు. తర్వాత వాదించడం మానేశాడు. ఆ తర్వాత బల్ల మీద చాకు పెడుతూనే, కొంచెం ఆట ఉంటాదేమో బాబూ అని తనే అనడం మొదలుపెట్టాడు. మరీ బాగాలేదని గురునాథరావు తిరగ్గొట్టిన వాటిని మారు మాటాడకుండా పట్టుకుపోయేవాడు.

ఓ వానాకాలపు ఉదయం అప్పలసూరి కొట్టుకి వచ్చేసరికి అక్కడ ఎల్లాజీ కూర్చుని ఉన్నాడు. ఎల్లాజీది జాలరిపేట. మర పడవ మీద వేటకెళ్తాడు, ఎప్పుడు కొట్టుకొచ్చినా నలుగురికీ తన చాకు చూపించందే కదలడు. ఆ రోజూ అదే చేస్తున్నాడు. వల రాయికి పట్టుకుని పడవ ఒరిగిపోతుంటే ఒంటి చేత్తో చాకు తెరిచి తాడు తెగ్గోసిన కథ చెబుతున్నాడు. అప్పలసూరి చాలాసేపు విని, ఆ చాకు ఓసారి చూడొచ్చా అని అడిగాడు.

గురునాథరావు బల్ల వెనకనుంచి లేచాడు. అడ్డం పడడానికి మాట దొరికేలోపే ఎల్లాజీ చాకు అతని చేతిలో పెట్టేశాడు.

అప్పలసూరి చేతులు పంచెకి తుడుచుకుని అందుకున్నాడు. తెరిచాడు. టక్కుమంది. అలుగు కొస పట్టుకుని పైకీ కిందికీ నొక్కాడు, పక్కలకి నొక్కాడు. గుమ్మంలోకి వెళ్లి వెలుతురుకి అడ్డం పెట్టి, పన్నుకీ గాడికీ మధ్య సందు ఉందేమోనని ఒక కన్ను మూసి చూశాడు. మూశాడు, తెరిచాడు. అతని మొహం మెల్లగా వాడిపోవడం గురునాథరావు చూశాడు.

"ఆట లేదు" అన్నాడు అప్పలసూరి. "ఏటీ లేదు. మీరిన్నాళ్లూ సెప్పింది నిజమే బాబూ. నాను నమ్మలేదు గానీ, ఇదీ లాకంటే. నా సెయ్యి ఇలగ సెయ్యలేదు."

ఫారినోడి సెయ్యి మరి అని ఎల్లాజీ నవ్వాడు. గురునాథరావు బీరువా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడని ఆయనకి తెలియలేదు.

అలాంటిది ఒకటి కొనుక్కుంటానని అప్పలసూరి అడిగాడు. ఎదురుగా పెట్టుకుని చూసి నేర్చుకుంటాడట. సరుకు లేదన్నాడు గురునాథరావు. అప్పుడే కాఫీ పట్టుకుని వెనక గదిలోంచి వచ్చిన గౌరీశ్వరి, అదేమిటండీ, నిన్ననే కదా సొరుగులో పెట్టారు అంటూ తీసి బల్ల మీద పెట్టింది. రెండు నెలల కిందట అప్పలసూరే తెచ్చి ఇచ్చిన చాకు అది. డబ్బు వద్దని గురునాథరావు ఎంత చెప్పినా అతను వినలేదు. పంచె మొలలోంచి చిన్న గుడ్డమూట తీసి పూర్తి ధర చెల్లించాడు. పోయేముందు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఇన్నాళ్లూ ఆట ఉన్న సరుకు తీసుకుని తన పొయ్యి ఆరకుండా చూశారని.

ఆ పూటంతా గురునాథరావు జరగబోయేదే ఊహించుకున్నాడు. అప్పలసూరి ఇంటికెళ్లి రివిటు ఊడగొట్టి చాకు విప్పుతాడు, విప్పిన క్షణం తన పనిని గుర్తుపడతాడు. తిరిగొచ్చి వీధిలో నిలబడి కేకలేస్తాడు. రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు అనుకుంటూ గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడు. నిజం చెప్పాలంటే ఆ కేకల కోసమే ఎదురుచూశాడు. నలుగురిలో తిట్టించుకుంటే ఆ దణ్ణం బరువు దిగిపోతుందేమోనని ఆశ.

అప్పలసూరి రాలేదు. నెల గడిచినా రాలేదు. ఆఖరికి ఓ ఆదివారం గురునాథరావే గాజువాక బస్సెక్కాడు.

కాలనీలో పాక కనిపించింది గాని కొలిమిలో నిప్పు లేదు. తిత్తి విప్పేసి మూల పెట్టి ఉంది. గోడవార పేర్చి ఉండే కమాను ముక్కలు లేవు. అప్పలసూరి భార్య దేముడమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పెద్దమనిషి ఇంటికొచ్చాడని గబగబా పీట వేసి, మంచినీళ్లు ఇచ్చింది. భర్త లారీ షెడ్డులో గ్రీజు కొట్టే పనికి పోతున్నాడని చెప్పింది.

"కత్తులు సెయ్యడం మానేసినాడు బాబూ. ఆ ఫారిన్ సాకు తెచ్చిన కాణ్ణించీ మాటా లేదు, పలుకూ లేదు. ఆట ఉన్న సాకులు జనానికి అంటగట్టినాను, ఎవుడి ఏళ్లు తెగినాయో అని ఒకటే బెంగ. సిల్లర దొరుకుతాదని నాను పోరితే కమాను ముక్కలన్నీ పాత ఇనప కొట్టుకి ఏసేసినాడు."

చాకు విప్పి చూశాడా అని గురునాథరావు నెమ్మదిగా అడిగాడు. విప్పితే అంత బాగా మళ్లీ బిగించలేనని ముట్టుకోలేదట. దేముడమ్మ లోపలికి చూపించింది. గోడకి కొట్టిన చిన్న చెక్క మీద సింహాచలం స్వామి పటం, పటం ముందు కుంకుమ భరిణె, దాని పక్కన పసుపు గుడ్డ మీద చాకు.

గురునాథరావు నోరు తెరిచాడు. చెప్పాలనే వచ్చాడు. బయట బిందెలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు నిలబడి వింటున్నారు, దేముడమ్మ కళ్లు ఆయన మీదే ఉన్నాయి. ఎండ ఎక్కువగా ఉందనీ, మళ్లీ వస్తాననీ చెప్పి లేచాడు. బస్సులో కూర్చున్నాక చేతిలో పళ్ల సంచీ అలాగే ఉందని గమనించాడు. వాళ్లకని తెచ్చిన పళ్లు.

ఇంట్లో ఆ సంచీ చూసి గౌరీశ్వరి అడిగింది. ఆయన చెప్పుకొచ్చాడు, మొదటినుంచీ, అక్షరాలు దింపించడం, ఆట మాట, అంతా. సొరుగులోంచి చాకు తీసిచ్చింది తన చెయ్యేనని అప్పుడామెకి తట్టినట్టుంది. అరచేతులు చీరకి రుద్దుకుంది.

"అంత దూరం వెళ్లి, ఆ పటం కూడా చూసి, చెప్పకుండా ఎలా తిరిగొచ్చారండీ?" అంది.

మర్నాడు ఆయన కొట్టు తెరవలేదు. తిన్నగా లారీ షెడ్డుకి వెళ్లాడు. అప్పలసూరి ఓ లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మోచేతుల దాకా గ్రీజు. గురునాథరావుని చూసి గాభరాగా బయటికొచ్చి, ముట్టుకోకండి బాబూ మరకలవుతాయి అన్నాడు. అక్కడే, లారీ చక్రం పక్కన నిలబడి, గురునాథరావు విషయం చెప్పేశాడు. ఆ చాకు నువ్వు చేసిందే, ఎల్లాజీ చాకూ నువ్వు చేసిందే, నా కొట్లో ఫారిన్‌ది ఒక్కటీ లేదు అన్నాడు.

అప్పలసూరి విన్నాడు. అతని మొహం మెత్తబడింది.

"మా ఆడది ఏదో సెప్పుంటాది. నాను బెంగెట్టుకున్నానని మీరిలగ అంటన్నారు. మీరు మంచోరు బాబూ. నాకేటీ బాధ లేదు, ఈ పనీ బాగానే ఉంది."

తనని తిడతాడనుకున్నాడు, కొడతాడేమో అని కూడా అనుకున్నాడు గురునాథరావు. నమ్మడని మాత్రం ఊహించలేదు. ఒట్టు పెట్టాడు. అప్పలసూరి నవ్వి, పెద్దోరు ఒట్లెయ్యకూడదన్నాడు. ఇక చేసేది లేక అతన్ని బతిమాలి ఇంటికి తీసుకెళ్లాడు. పటం ముందునుంచి చాకు తెప్పించి, సుత్తీ మేకూ అడిగాడు. అప్పలసూరి వద్దు వద్దంటుండగానే పిడి రివిటు మీద మేకు ఆనించి, చేతకాని చేతులతో సుత్తి వేశాడు. మొదటి దెబ్బ తన వేలి మీదే పడింది. అది చూడలేక అప్పలసూరి సుత్తి లాక్కుని, అంత పట్టుదలైతే నానే తీత్తానని రెండు దెబ్బల్లో రివిటు ఊడగొట్టాడు.

కొమ్ము రంగు బద్ద ఊడింది. వీపు పట్టీ బయటికొచ్చింది. పైనంతా అద్దంలా రుద్దించారు గాని పన్ను లోపలి పక్క ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ ఆకురాయి గీతలు వరసగా ఉన్నాయి, వాటి మధ్య ఒక గీత మిగతావాటికన్న లోతుగా తిన్నగా పోయింది. అప్పలసూరి పట్టీని గుమ్మం వెలుతురులో పట్టుకున్నాడు. పాకలోకి వెళ్లి తన ఆకురాయి తెచ్చాడు. దానికి ఒక పన్ను విరిగి ఉంది. ఆ విరిగిన చోటుని గీత మీద ఆనించాడు. సరిగ్గా కుదిరింది.

దేముడమ్మ గుమ్మంలో నిలబడింది.

"మరి ఆట ఉందని ఎందుకన్నారు?" అని అడిగాడు అప్పలసూరి, తల ఎత్తకుండానే.

"ధర తగ్గించడానికి."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఎంత చిన్నదిగా ఉందో ఆయనకే తెలిసింది. దాని చుట్టూ చెప్పుకుందామని దారిపొడుగునా పేర్చుకొచ్చిన మాటలు, వ్యాపారం కష్టాలు, జనం ఫారిన్ మోజు, ఒక్కటీ పైకి రాలేదు.

అప్పలసూరి డబ్బు సంగతి ఎత్తలేదు. "మీరు తిరగ్గొట్టిన సాకులున్నాయి కదా, అయ్యి నాను ఇరగ్గొట్టేసినాను బాబూ. ఒక్కోటీ దాగలి దిమ్మ మీద ఎట్టి, సుత్తితో. ఎవుడి సేతిలోనైనా పడితే ఏళ్లు తెగుతాయని" అన్నాడు.

అంతే అన్నాడు. గొంతు పెంచలేదు. ఊడదీసిన ముక్కలన్నీ పసుపు గుడ్డలో మూటగట్టి దేముడమ్మకి ఇచ్చాడు. ఆవిడ దాన్ని లోపలికి తీసుకెళ్లింది. గురునాథరావుకి ఈసారి ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు. వీధి చివరిదాకా వెళ్లాక ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అప్పలసూరి ఇంకా గుమ్మంలోనే గొంతుక్కూర్చుని, ఆకురాయి చేత్తో తడుముతున్నాడు.

తర్వాత గురునాథరావు చెయ్యగలిగింది చేశాడు. చాకుల అమ్మకం మానేశాడు. ఎల్లాజీ వచ్చినప్పుడు ఉన్న సంగతి చెప్పాడు. ఎల్లాజీ చాకు తెరిచి, మూసి, అక్షరాల మీద వేలు పెట్టి రుద్ది, మీరు నన్ను ఆటపట్టిస్తున్నారు అన్నాడు. నిజమని తేలాక మాత్రం మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ చాకు ఎవరికీ చూపించడం మానేశాడని తర్వాత తెలిసింది. కోత మాత్రం దాంతోనే కోసుకునేవాడట. సరుకు దాచుకుని కావలసిన వాళ్లకే ఇస్తున్నాడని కొందరు గురునాథరావు మీద అలిగారు.

అప్పలసూరి షెడ్డు పని మానేసి మళ్లీ కొలిమి వెలిగించాడని ఎనభై దాటాక ఎవరో చెప్పారు. ఆదివారాలు ఫిషింగ్ హార్బరు గేటు దగ్గర గోనె పరుచుకుని చాకులు అమ్ముతున్నాడట. అది విన్నాక గురునాథరావుకి కాస్త ఊపిరాడినట్టయింది. ఓ ఆదివారం ధైర్యం చేసి వెళ్లాడు.

చేపల బుట్టలూ, ఐసు బళ్లూ, కాకుల గోల మధ్య అప్పలసూరి కనిపించాడు. గోనె మీద ఏడెనిమిది చాకులున్నాయి. వేపచెక్క పిడులు, ఏ అక్షరాలూ లేవు. ఓ పడుచు కళాసీ ఒకటి తీసి తెరిచి చూస్తున్నాడు. టక్కుమన్న చప్పుడు గురునాథరావు నిలబడ్డ చోటికి వినిపించింది. బాగుంది అన్నాడు కళాసీ.

"కొంచెం ఆట ఉంటాదేమో, సూసుకో నాయినా" అన్నాడు అప్పలసూరి. "వదులైతే పట్టుకొచ్చీ, బాగు సేసిత్తాను."

కళాసీ అలుగు నొక్కి చూసి, అయితే రేటు తగ్గించమన్నాడు.

గురునాథరావు ఆగలేకపోయాడు. ముందుకెళ్లి చాకు అందుకుని తనే నొక్కాడు. కదల్లేదు. ఇందులో ఆట లేదు బాబూ, ఇంత మంచి లాకు నీకు ఈ ఊళ్లో దొరకదు, అడిగిన ధర ఇచ్చి తీసుకో అన్నాడు. కళాసీ ఆయన తెల్లచొక్కా వైపు, గోనె వెనకున్న మనిషి వైపు చూసి నవ్వాడు. తోడు మనిషిని పెట్టుకుని అమ్ముతన్నావేటి అని అప్పలసూరిని అడిగి, ఇంకాస్త తగ్గించి అడిగాడు.

అప్పలసూరి సిగ్గుపడ్డాడు. గురునాథరావు వైపు చూడలేదు. అడిగిన దానికే ఇచ్చేశాడు. కళాసీ వెళ్లాక, ఎండలో నిలబడకండి బాబూ అని మాత్రం అన్నాడు, మామూలు గొంతుతోనే. గోనె మీద మిగిలిన చాకుల్లోంచి ఒకటి తీసుకుని తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని కదిపాడు. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు.

గురునాథరావు గేటు దాటి బస్టాపు దాకా నడిచాడు. పాత పోస్టాఫీసుకి పోయే బస్సు వచ్చి ఆగింది. తెలిసిన కండక్టరు నమస్కారం పెట్టి, రండి రావుగారూ, ముందు సీటుంది అన్నాడు. ఆయన ఆ సీట్లో కూర్చోలేకపోయాడు. వెనక చేపల బుట్టల మధ్యకి వెళ్లి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.